రక్తం ఎక్కించే ముందు చూసే చేతిపట్టీని వార్డులో పరీక్షించాకే కొనాలి

సంపాదకులకు,
నమస్కారములు.

ఏటా జూన్ 14న ప్రపంచ రక్తదాతల దినోత్సవం వస్తుంది. రక్తదాన శిబిరాల ఫొటోలు, పదులసార్లు రక్తమిచ్చిన దాతల వివరాలు పత్రికల విశాఖ పేజీల్లో కనిపిస్తాయి. రక్తంలో గ్రూపులున్నాయని 1901లో లోకానికి వెల్లడించిన కార్ల్ లాండ్‌స్టైనర్ పుట్టినరోజు అది. దాత ఇచ్చిన రక్తానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. గ్రూపు తేలుస్తారు, చల్లని అరలో భద్రపరుస్తారు, దాత రక్తం రోగి రక్తంతో సరిపడుతుందా అని చూసే క్రాస్ మ్యాచింగ్ చేసి వార్డుకు పంపుతారు. ఇన్ని జాగ్రత్తల తరువాత ఆ ప్యాకెట్టును ఏ మంచం మీదున్న మనిషికి తగిలించాలో తేల్చవలసింది ఆ మనిషి మణికట్టుకున్న ప్లాస్టిక్ పట్టీ. ఈ నగరంలో 31 ఏళ్లు బ్లడ్ బ్యాంకు ప్రయోగశాలలో పనిచేసి పదవీ విరమణ చేసిన నేను, ఆ పట్టీని ఎలా ఎంచుకోవాలన్న విషయమై రెండు మాటలు రాయడానికి అనుమతి కోరుతున్నాను.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేస్తున్న చోట ఒకే వార్డులో అప్పలనర్సమ్మ అనే పేరుతో ఇద్దరు స్త్రీలు చేరారు. ఇద్దరి ఇంటిపేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. ఇద్దరికీ నలభై దాటిన వయసు, ఇద్దరికీ రక్తం అవసరం. రాత్రిపూట తీసిన రెండు శాంపిళ్లూ తెల్లవారుజామున మా దగ్గరకు వచ్చాయి. ఒక ట్యూబులోని రక్తం బీ పాజిటివ్ అని తేలింది. అయితే రిజిస్టరు తిరగేస్తే, నెలరోజుల కిందట అదే రోగికి ఓ పాజిటివ్ రక్తం రెండు యూనిట్లు ఇచ్చినట్టు నా చేతిరాతతోనే ఉంది. మనిషి గ్రూపు నెలలో మారిపోదు కదా! మళ్లీ శాంపిల్ తెప్పించి చూస్తే ఓ గ్రూపే వచ్చింది. రెండు ట్యూబులకు పేర్లు తారుమారయ్యాయి. విచారిస్తే తెలిసింది ఇది: ఆ రోజుల్లో వాడిన పట్టీ గులాబీ రంగు ప్లాస్టిక్ గొట్టంలాంటిది, లోపల కాగితపు చీటీ దూర్చేవారు. రోగి స్నానం చేయగానే నీళ్లు లోపలికి పోయి సిరా అలికిపోయింది. చదవడానికి ఏమీ మిగలనందువల్ల హౌస్ సర్జన్ రక్తం తీసి, ట్యూబులను సిస్టర్ గారి బల్ల దగ్గరకు తెచ్చి, అక్కడున్న కేస్ షీట్లు చూసి పేర్లు రాశారు. ఇరవై మంచాలకు ఒక్కరే సిస్టర్ ఉన్న రాత్రి అది. ఆ యువ డాక్టరును తప్పుపట్టడానికి నాకు అప్పుడూ మనసు రాలేదు, ఇప్పుడూ రాదు.

పాత రికార్డు లేకపోయి ఉంటే ఏమయ్యేదో చెబితేనే ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో పాఠకులకు బోధపడుతుంది. క్రాస్ మ్యాచింగ్ చేస్తారు గనుక తప్పు అక్కడ దొరికిపోతుందని చాలామంది చదువుకున్నవారు కూడా అనుకుంటారు. మేము పరీక్షించేది ట్యూబులోని రక్తాన్ని. ఆ ట్యూబులోనే వేరే మనిషి రక్తం ఉంటే బీ గ్రూపు ప్యాకెట్టు దానితో చక్కగా సరిపోతుంది, మా సంతకంతోనే వార్డుకు వెళుతుంది. ఓ గ్రూపు మనిషి ప్లాస్మాలో ఏ, బీ కణాలు రెండింటినీ ఎదిరించే ప్రతిరక్షకాలు పుట్టుకతో వచ్చినట్టే సిద్ధంగా ఉంటాయి. కొద్ది మిల్లీలీటర్ల బీ రక్తం లోపలికి వెళ్లినా అవి ఆ కణాలను నాళాల్లోనే బద్దలు కొట్టగలవు. చలి, జ్వరం, నడుము నొప్పి మొదలై మూత్రం నల్లబడుతుంది, బీపీ పడిపోతుంది, మూత్రపిండాలు చెడతాయి, కొందరు ప్రాణాలు కోల్పోతారు. ఆపరేషన్ బల్లమీద మత్తులో ఉన్న మనిషి నొప్పి అని కూడా చెప్పలేరు. బ్రిటన్‌లో 1996 నుంచి రక్తమార్పిడి ప్రమాదాలను నమోదు చేస్తున్న ‘షాట్’ అనే వ్యవస్థ తన వార్షిక నివేదికల్లో పదేపదే చెబుతున్నది, నమోదైన ఘటనల్లో ఎక్కువ భాగం మనుషుల పొరపాట్లవల్ల జరిగినవేనని. మన దేశంలోనూ నోయిడాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయొలాజికల్స్ ఆధ్వర్యంలో 2012 డిసెంబరు 10 నుంచి ఇలాంటి ఘటనలను నమోదు చేసే హీమోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తున్నది.

ఇక పట్టీ సంగతి. చాలా ఆస్పత్రుల్లో దీన్ని దూదికీ, గాజుగుడ్డకూ కలిపి ఒకే టెండరులో పిలిచి, ఎవరు తక్కువ ధర వేస్తే వారి సరుకు తీసుకుంటారు. కొనే కమిటీలో స్టోర్సు అధికారి ఉంటారు, లెక్కల అధికారి ఉంటారు. దాన్ని రోజూ కట్టే స్టాఫ్ నర్సు, దాన్ని చూసి శాంపిల్ తీసే హౌస్ సర్జను, ఆ శాంపిల్‌ను నమ్ముకున్న బ్లడ్ బ్యాంకు టెక్నీషియను ఉండరు. మందులివ్వడానికీ, ఎక్స్‌రేకీ, ఆపరేషన్‌కూ కూడా ఇదే పట్టీ ఆధారం కావచ్చు, కానీ రక్తం విషయంలో జరిగిన తప్పును వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. అందువల్ల ఆస్పత్రి మొత్తానికి ఒకే పట్టీ కొన్నా, రక్తమార్పిడికి పనికివస్తుందా లేదా అన్నదే గీటురాయి కావాలని నా అభిప్రాయం.

మొదట దానిమీద ఏమి ఉండాలో తేల్చుకోవాలి. 2007లో బ్రిటన్ జాతీయ రోగి భద్రతా సంస్థ ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, జాతీయ ఆరోగ్య సేవ నంబరు, ఈ నాలుగు మాత్రమే తెల్లని పట్టీమీద నల్లని అక్షరాలతో ఉండాలని నిర్దేశించింది. మన ఉత్తరాంధ్రలో దీన్ని యథాతథంగా అనుసరిస్తే చిక్కులొస్తాయి. సింహాద్రి అప్పన్న, పైడితల్లి, నూకాంబిక పేర్లు పెట్టుకున్నవారు ఏ వార్డులో చూసినా నలుగురుంటారు. అప్పలరాజు, పైడిరాజు, నూకరాజు అన్న పిలుపు వినబడితే ఒకేసారి ఇద్దరు తల తిప్పుతారు. సింహాచలం అన్న పేరు ఆడవారికీ ఉంది, మగవారికీ ఉంది. పుట్టిన తేదీ చూద్దామంటే, పెద్దవయసు వారిలో ఎందరికో ఆ తేదీ తెలియదు, ఆధార్ కార్డులో జనవరి 1 అనో, సంవత్సరం ఒక్కటే అనో ఉంటుంది. తండ్రి పేరో భర్త పేరో అడుగుదామంటే, భర్త పేరు నోటితో పలకని పెద్దావిడలు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఆమె బదులు పక్క మంచం మనిషి జవాబు చెబుతుంది. కనుక మన దగ్గర ఇంటిపేరు పొట్టి అక్షరంగా కాకుండా పూర్తిగా ఉండాలి, ఊరి పేరు ఉండాలి, అన్నిటికన్నా ముఖ్యంగా ఆస్పత్రి ఇచ్చే శాశ్వత నమోదు సంఖ్య పెద్ద అంకెల్లో ఉండాలి. మంచం నంబరు మాత్రం పట్టీమీద ఉండకూడదు. మంచాలు పూటపూటకూ మారుతాయి.

శాశ్వత సంఖ్య అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. పాడేరు, అరకు ప్రాంతాల నుంచి సికిల్ సెల్ వ్యాధి (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) ఉన్న పిల్లలు ఏడాదిలో ఎన్నోసార్లు విశాఖ ఆస్పత్రులకు వచ్చి రక్తం ఎక్కించుకుంటారు. చేరిన ప్రతిసారీ కొత్త ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు ఇచ్చి, పట్టీమీద అది ఒక్కటే అచ్చువేస్తే, ఆ బిడ్డ పాత రికార్డు మాకు దొరకదు. అప్పలనర్సమ్మ గారిని కాపాడింది పాత రికార్డేనని మరిచిపోకూడదు. పైగా ఎక్కువసార్లు రక్తం ఎక్కించుకున్నవారిలో కొత్త ప్రతిరక్షకాలు పుడతాయి, ఒకసారి కనిపించినవి కొన్నాళ్లకు పరీక్షకు అందనంతగా తగ్గిపోవచ్చు. కిందటిసారి ఏమి కనిపించిందో తెలియకుండా రక్తం ఇవ్వడం ఆ పిల్లలకు అన్యాయం చేయడమే. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య ఖాతా సంఖ్య అయిన ఆభాను వాడవచ్చు గదా అంటారు. 14 అంకెల సంఖ్యను అర్ధరాత్రి ఇద్దరు సిస్టర్లు పైకి చదివి సరిచూసుకోవడం కష్టం గనుక దాన్ని బార్‌కోడ్‌లో దాచి, కంటికి కనిపించే చోట ఆస్పత్రి సంఖ్యను ఉంచడం మేలు. ఆధార్ నంబరును మాత్రం పట్టీమీద ఏ రూపంలోనూ వేయరాదు. ఆస్పత్రిలో వందమంది కళ్లు పడే వస్తువు అది.

పట్టీ ఏ సరుకుతో చేసినదన్నది మరో పెద్ద విషయం. దీనిమీద కంపెనీ ప్రతినిధి ఏసీ గదిలో చూపించే నమూనాను నమ్మడానికి వీల్లేదు. మన ఊళ్లో మే, జూన్ నెలల్లో సముద్రపు గాలితో వచ్చే ఉక్కపోత ఎంతటిదో మనకు తెలుసు. కరెంటు ఉన్నా ఫ్యాను గాలి తగలని వార్డులుంటాయి. వేడితో అక్షరాలు వేసే థర్మల్ ప్రింటరుతో అచ్చయ్యే పట్టీలకు పైన రక్షణ పూత సరిగా లేకపోతే చెమటకూ, చేతులకు రాసుకునే శానిటైజరుకూ, స్పిరిట్‌కూ అక్షరాలు వెలిసిపోతాయి. బాల్ పెన్నుతో రాసేవి ఎంత త్వరగా అలుకుతాయో చెప్పనక్కర్లేదు. అందువల్ల కొనే ముందు ప్రతి నమూనానూ యాభై మంది సిబ్బంది వారంపాటు చేతికి కట్టుకొని తమ మామూలు పనులు చేసుకోవాలి. స్నానం చేయాలి, స్పిరిట్ దూదితో తుడవాలి, అయోడిన్ పూయాలి, కొబ్బరినూనె రాయాలి. నూనె ఎందుకని నవ్వే వారు బాలింతల వార్డు చూసి రావాలి. పసిబిడ్డ ఆస్పత్రిలో ఉండగానే నూనె సీసా తెచ్చే అమ్మమ్మలు మన దగ్గర కొత్త కాదు. ఏడో రోజున వేరే వార్డు నుంచి వచ్చిన సిస్టర్ ఒకరు, మామూలు రాత్రి దీపం వెలుతురులో, చేయి ఎత్తకుండా ఆ పట్టీని తప్పులేకుండా చదవగలిగితేనే అది నెగ్గినట్టు.

కొలతలు కూడా అప్పుడే చూసుకోవాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ మణికట్టుకూ, డయాలసిస్‌కు వచ్చే రోగి వాచిన చేతికీ ఒకే పట్టీ సరిపోదు. పసివారి పట్టీ అంచులు మెత్తగా ఉండాలి, రబ్బరుపాలు పడని చర్మానికి కూడా పనికిరావాలి. వారికి ఒకటి చేతికి, ఒకటి కాలికి కట్టడం మంచిది, ఎందుకంటే ఒకటి జారిపోతే రెండోది మిగులుతుంది. మన స్త్రీల చేతులకు గాజులుంటాయి, ముత్తయిదువులు వాటిని తీయడానికి ఒప్పుకోరు, తీయమనడం కూడా సరికాదు. చాలామంది చేతులకు గుడిలోనో దర్గాలోనో కట్టిన దారాలుంటాయి. వాటిమధ్య నలిగి మడతపడే పట్టీ పనికిరాదు. ఒకసారి బిగించాక కత్తిరిస్తే తప్ప ఊడిరాని కొక్కెం తప్పనిసరి. ఊడదీసి మళ్లీ పెట్టగలిగే పట్టీ ఎవరి చేతికైనా చేరుతుంది.

కొక్కెం ఎంత గట్టిదైనా కత్తెరకు లొంగుతుందన్న సంగతిని నేను నా ఇంటి అనుభవంతో తెలుసుకున్నాను. మా తమ్ముడి కూతురు కాన్పు కోసం ఒక ఆస్పత్రిలో చేరితే చూడడానికి వెళ్లాను. సెలైన్ ఎక్కించే కాన్యులా చేతికి పెట్టడానికి అడ్డమని ఆ అమ్మాయి పట్టీని కత్తిరించి, పారేయడం ఎందుకన్నట్టు సెలైన్ స్టాండుకు కట్టారు. సాయంత్రం స్టాండును పక్క మంచానికి జరిపారు. ఆ అమ్మాయి పేరు పక్కావిడ తలాపున వేలాడుతుంటే నా కాళ్లు వణికాయి. పట్టీని కత్తిరించినవారే ఆ క్షణాన కొత్తది కట్టాలన్న నియమం కాగితం మీద ఉంటే చాలదు. ప్రతి వార్డులోనూ ప్రింటరో, కనీసం చెరగని సిరా పెన్నూ ఖాళీ పట్టీలూ ఉంటేనే అది అమలవుతుంది. అడ్మిషన్ కౌంటరులో ఒక్కటే ప్రింటరు పెట్టి, నాలుగో అంతస్తులోని సిస్టరును రాత్రి రెండు గంటలకు కిందికి వెళ్లి తెచ్చుకోమనడం జరిగే పని కాదు. కొనుగోలు లెక్కలో పట్టీ ధరతోపాటు ఈ ప్రింటర్లనూ కలిపి చూడాలని అధికారులకు నా మనవి.

రంగుల మోజు ఈ మధ్య పెరిగింది. ఎలర్జీకి ఒకటి, పడిపోయే ప్రమాదానికి ఒకటి, రక్తానికి మరొకటి అంటూ ఒక్కో రోగికి మూడు నాలుగు రంగుల పట్టీలు కడుతున్నారు. 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక నర్సు తాను పనిచేసే రెండో ఆస్పత్రి అలవాటు చొప్పున, ఆ చేతి నుంచి రక్తం తీయవద్దన్న అర్థంతో రోగికి పసుపు పట్టీ కట్టింది. రోగి ఉన్న ఆస్పత్రిలో పసుపు పట్టీకి, గుండె ఆగితే తిరిగి కొట్టించే ప్రయత్నం చేయవద్దని అర్థం. రోగి గుండె ఆగిన సమయంలో సిబ్బంది వెనుకాడారు. పక్కనున్న మరొక నర్సు పొరపాటు గుర్తించబట్టి ప్రాణం నిలిచింది. విశాఖలో కూడా ఒకే సిస్టర్ కొన్నాళ్లు ఒక చోట, కొన్నాళ్లు మరొక చోట పనిచేయడం మామూలే గనుక, నగరంలోని ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులన్నీ గుర్తింపుకు తెలుపు, హెచ్చరికకు ఎరుపు, ఈ రెండింటికి మించి వాడకూడదని ఒక ఒప్పందానికి రావాలి. ఎరుపు పట్టీమీద హెచ్చరిక ఏమిటో రాయనక్కర్లేదు, కేస్ షీటు చూడమని చెప్పడమే దాని పని.

పట్టీమీద రక్తం గ్రూపు అచ్చువేయమని బంధువులు అడుగుతారు, కొన్ని ఆస్పత్రులు వేస్తాయి కూడా. చూడ్డానికి మంచి ఆలోచనలాగే ఉంటుంది. నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. పట్టీమీద బీ పాజిటివ్ అని ఉంటే, హడావుడిలో ఉన్న మనిషి ప్యాకెట్టుమీద బీ పాజిటివ్ చూసి సరిపోయిందనుకుంటాడు, పేరూ నంబరూ చదవడు. సరిచూడవలసింది ఈ ప్యాకెట్టు ఈ మనిషికే కేటాయించినదా అన్నది.

బార్‌కోడ్ వాడకం గురించి కూడా చెప్పాలి. స్కానరుతో పట్టీనీ ప్యాకెట్టునూ చదివించి యంత్రం చేత సరిపోల్చే పద్ధతి నిజంగా మంచిది. ప్యాకెట్లమీద ఐఎస్‌బీటీ 128 అనే అంతర్జాతీయ కోడ్ విధానం ఇప్పటికే ఉంది. అయితే పట్టీ మణికట్టు చుట్టూ వంగుతుంది గనుక పొడవైన గీతల కోడ్‌ను స్కానరు సగమే చూస్తుంది. చిన్న చతురస్రం కోడ్‌ను పట్టీ పొడవునా నాలుగైదు చోట్ల అచ్చువేస్తే, నిద్రపోతున్న రోగి చేయి తిప్పనవసరం లేకుండా పని జరుగుతుంది. ఇంకొక జాగ్రత్త ఉంది. పట్టీమీది కోడే కేస్ షీటుమీద కూడా ఉంటే, పని ఒత్తిడిలో ఉన్నవారు బల్ల దగ్గరే కేస్ షీటును చదివించి ముగిస్తారు, మా రోజుల్లో బల్ల దగ్గర ట్యూబులకు పేర్లు రాసినట్టే. పట్టీ కోడ్‌ను వేరుగా తయారుచేసి, అది తప్ప మరేది చూపినా యంత్రం ఒప్పుకోకుండా చేయవచ్చు. అలా చేయగలరా అని సాఫ్ట్‌వేర్ అమ్మేవారిని ముందే అడిగి రాయించుకోవాలి.

అంతమాత్రాన యంత్రాన్నే నమ్ముకుని కంటికి కనిపించే అక్షరాలను చిన్నవి చేయకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. ఆ రోజుల్లో కూడా కాన్పులు జరిగాయి, ప్రమాదాలు జరిగాయి, రక్తం ఎక్కించవలసే వచ్చింది. కొవ్వొత్తి వెలుగులో చదవగలిగే పట్టీయే మన ఊరికి తగిన పట్టీ అని నేను అప్పుడే అనుకున్నాను.

ఎంత మంచి పట్టీ కొన్నా, దాన్ని చూడకుండా తీసిన శాంపిల్‌ను బ్లడ్ బ్యాంకు తీసుకుంటే ఆ ఖర్చంతా వృథా. రోగిని “మీరు అప్పలనర్సమ్మేనా” అని అడిగితే డాక్టరు మీది గౌరవంతో ఎవరైనా తల ఊపుతారు. “మీ పేరేమిటమ్మా, ఏ ఊరు” అని అడిగి, జవాబును పట్టీతో పోల్చి, రక్తం తీసి, మంచం పక్కనే నిలబడి పట్టీ చూసి ట్యూబుమీద రాయాలి. మాట్లాడలేని వారికీ, ఒడియానో కువి భాషనో తప్ప తెలుగు రానివారికీ పట్టీ తప్ప మరో దిక్కు లేదు. కొత్త రోగికైతే వేరే సమయంలో తీసిన రెండో శాంపిల్‌తో గ్రూపు ఖాయం చేసుకునే వరకు, అత్యవసరమైతే ‘ఓ’ గ్రూపు ఎర్రకణాలే ఇవ్వాలి. పట్టీమీది సంఖ్యకూ ట్యూబుమీది సంఖ్యకూ ఒక్క అంకె తేడా వచ్చినా శాంపిల్‌ను వెనక్కి పంపే అధికారం టెక్నీషియనుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ కాగితం లేక పెద్ద డాక్టర్ల కోపాన్ని ఒంటరిగా భరించిన వారిలో నేనూ ఒకడిని.

స్పృహ లేకుండా వచ్చేవారి విషయంలో ప్రత్యేక ఏర్పాటు ఉండాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి విషవాయువు లీకైనప్పుడు వందలమందిని ఒకేసారి ఆస్పత్రులకు చేర్చారు, రోడ్లమీద స్పృహతప్పి పడిపోయినవారు వారిలో ఉన్నారు. ఆ రోజు అవసరం రక్తం కాకపోయినా, అటువంటి ప్రమాదం పేలుడు రూపంలో వస్తే రక్తమే మొదటి అవసరం అవుతుంది. అందుకోసం ముందే అంకెలు అచ్చువేసిన పట్టీలు కాజువాలిటీలో సిద్ధంగా ఉండాలి, పక్కపక్క పట్టీల అంకెలు ఒకదానికొకటి పోలికలేకుండా ఉండాలి. బంధువులు వచ్చి పేరు చెప్పగానే ఆ పట్టీని తీసివేయడం ప్రమాదకరం, ఎందుకంటే ఆ తాత్కాలిక సంఖ్యమీద అప్పటికే రక్తం సిద్ధమై ఉంటుంది. అసలు పేరుతో కొత్త పట్టీ కట్టి, కొత్త శాంపిల్ పంపి, పాత సంఖ్యమీది ప్యాకెట్లను వెనక్కి ఇచ్చిన తరువాతే దాన్ని కత్తిరించాలి.

చివరగా ఒక చిన్న విషయం. నర్సీపట్నం, పాడేరు, పార్వతీపురం వైపు నుంచి 108 వాహనంలో విశాఖకు పంపిన రోగులు అక్కడి పట్టీతోనే వస్తారు. ఇక్కడ కౌంటరులో రెండో చేతికి కొత్తది కడతారు. పాతది తీయరు. అలా రెండు చేతులకు రెండు నంబర్లతో పడుకున్న మనిషిని నేను ఒకటికి పదిసార్లు చూశాను. కొత్త పట్టీ కట్టిన వెంటనే పాతదాన్ని కత్తిరించి కేస్ షీటుకు అంటించే బాధ్యత ఆ కౌంటరులో ఉన్న ఎవరిదో ఒకరిది అని పేరు పెట్టి నిర్ణయించాలని మీ పత్రిక ద్వారా నగరంలోని ఆస్పత్రుల సూపరింటెండెంట్లను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్,
విశాఖపట్నం.